రిజిస్టర్ లేని సహవాసం

హనుమకొండ,
జూన్ ఆఖరు.

స్నేహా,

ఎట్లున్నవ్ అని మొదలుపెట్టను. మంచిగున్న అని నువ్వు రాస్తవు, నేను నమ్మను. మొన్న ఫోన్ చేస్తే ఏమన్నవో యాదికుందా? "నువ్వు ఫోన్ల వాదిస్తవ్ రాజమన్నా, నా ముచ్చట సగంలనే ఉంటది. అడిగేదేదన్న ఉంటే చిట్టీ రాయి, మధ్యల అందుకోరాదు" అన్నవు. సరే, రాస్తున్న. అందుకునేటోడు లేడు కాబట్టి నువ్వు కూడా నిమ్మళంగా రాయి.

విషయం ఇది. మన కాలేజీలో మీరు నడిపిన విద్యార్థి ప్రార్థన సహవాసం మీద వ్యాసం రాస్తున్న, తర్వాత పుస్తకం చేస్తా. నవ్వకు. దేవుడు లేడని ఇన్నేండ్లు మైకులు పట్టుకొని అరిచినోడు ప్రార్థనల చరిత్ర రాసుడేందని మా పత్రికోళ్లు ముందే నవ్విండ్రు. వాళ్లకిచ్చిన జవాబే నీకూ ఇస్తున్న.

ఈ జిల్లాలో విద్యార్థి ఉద్యమాల చరిత్ర అంటే ఎవరిది? మాది. మా ఊరేగింపులు, మా లాకప్పులు, గోడల మీద మా ఎర్ర రంగు. అందులో ఆడపిల్లలెందరు? ఉన్నవాళ్లు ఏం చేసిండ్రు? చాయ్ పోసిండ్రు. మరి ములుగు నుంచి, పరకాల నుంచి హాస్టల్‌కు వచ్చిన మాల, మాదిగ పిల్లలు, హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అని గట్టిగా అనడానికే జంకే పిల్లలు, నలుగురి ముందు లేచి తడబడకుండా మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నరు? మా దగ్గర కాదు. ఆదివారం సాయంత్రం కెమిస్ట్రీ ల్యాబు వెనక గదిలో, మీ దగ్గర. ఒకరు వాక్యం చెప్పాలె, ఒకరు పాట ఎత్తుకోవాలె, ఒకరు సాక్ష్యం చెప్పాలె. తెల్లదొరలు ఎప్పుడో పోయిండ్రు. మీకు పాస్టర్ లేడు, ఆఫీసు లేదు, పైనుంచి హుకుం లేదు. పెద్ద పట్నాల ఇంగ్లీషు హాస్టళ్లలో సామాజిక న్యాయం మాట్లాడిన క్రైస్తవ విద్యార్థి సంఘాల మీద పుస్తకాలున్నయి. జిల్లా కాలేజీలో చప్పట్లు కొట్టి తెలుగు పాట పాడుకున్న మీ మీద ఒక్క పేజీ లేదు. ఇది ఎవరి కుట్రా కాదు, మా అహంకారం. ప్రార్థన కనపడంగనే వెనుకబాటుతనం అని ముద్రేసి పక్కకు తిరిగే అభ్యుదయ అహంకారం. దాన్ని ఉతికి ఆరేద్దామనే నా తపన.

ఒక్క ఫిర్యాదు మాత్రం మీ మీద ఉంది. ఏమీ దాచుకోలేదు మీరు. రిజిస్టర్ లేదు, మినిట్స్ పుస్తకం లేదు, ఒక్క గ్రూప్ ఫోటో లేదు. ఇంత నిర్లక్ష్యమా? చరిత్ర పట్టనోళ్లకు చరిత్ర ఎట్ల ఉంటది? ఇక నువ్వే నా రికార్డువి. కార్యదర్శివి కదా. రాయి.

రాజం

*

ములుగు,
జూలై.

రాజమన్నకు వందనాలు.

నీ ఉత్తరం బడి అడ్రసుకు వచ్చింది. "మేడం, మీకు ఇంక ఉత్తరాలు రాసేటోళ్లున్నరా" అన్నడు పోస్టుమాన్. స్టాఫ్ రూంల అందరూ కవరు మీద నీ చేతిరాత చూసి మెచ్చుకున్నరు. ఈసారి నుంచి ఇంటి అడ్రసుకు రాయి, కింద ఇస్తాన్న.

నా సంగతి రెండు ముక్కలల్ల చెప్త. మా ఊరవతలి హైస్కూల్ల ఇంగ్లీషు చెప్పుకుంట చెప్పుకుంట హెడ్మాస్టర్ చార్జి మీద పడ్డది. మా బిడ్డ యమున నర్సింగ్ చదువుతాంది. నా కంటే పొడుగైంది, నా కంటే ఎక్కువ వాదిస్తది. నీ దగ్గరికి పంపిస్తే ఇద్దరూ సరిపోతరు.

సహవాసం ముచ్చట అడిగినవ్. నేను మొదటిసారి పైకి ప్రార్థన చేసిన రోజు ముచ్చట చెప్త. "తండ్రీ" అన్న, తర్వాత మాట రాలే. ఇగ లాభం లేదని "ఆమెన్" అని కూర్చున్న. గది అంతా ఆమెన్ అన్నరు, పేద్ద ప్రార్థనకు అన్నంత గట్టిగ. ఎవ్వరూ నవ్వలే. మా సీనియర్ సుగుణక్క, పరకాలామె, "మంచిగ చేసినవ్ పిల్లా, పొడుగు చేసి దేవుణ్ణి విసిగియ్యలే" అన్నది. నేను టీచరునైన రోజు అదే అనుకుంట.

బైబిల్ స్టడీల ఒక్కొక్కరు ఒక్కో వచనం చదివి, అర్థమైంది చెప్పాలె. తప్పు అనే హక్కు ఎవ్వరికీ లేదు, సుగుణక్కకు గూడ లేదు. ఈస్టర్ నాడు తెల్లారక ముందే ఖిలా వరంగల్‌కు నడిచిపోయి, ఆ రాళ్ల మధ్యల పాడెటోళ్లం. ఒకసారి వాచ్‌మన్ ఎల్లగొట్టను వచ్చి, పాట అయిపోయేదాక ఆగి, "ఇంకొకటి పాడుండ్రి, తర్వాత తిడుత" అన్నడు.

మీ యూనియనోళ్లు గూడ వచ్చేది, కిటికీ దగ్గరికి. "ఏం స్నేహా, ఇయ్యాల బిస్కెట్లా, ఉప్మానా" అనెటోళ్లు. ఉప్మా ఆశకు దేవుణ్ణి మార్చుకున్నమని వాళ్ల లెక్క. నువ్వెన్నడు ఆ మాట అనలే. పక్కకు నిలబడి నవ్వినవ్, గంతే. ఇది గూడ రాస్తవా?

రాయి, నాకు సంతోషమే. కానీ నా పేరు రాకుంటేనే నయం. "ఒక సీనియర్ విద్యార్థిని" అంటే సరిపోతది. ఎందుకో నీకు తెలువంది కాదు.

స్నేహలత

*

హనుమకొండ,
ఆగస్టు.

స్నేహా,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత పెన్ను పరుగు తీసింది. వ్యాసం అయిపోయింది. వాచ్‌మన్ ముచ్చట పెట్టిన. కిటికీ దగ్గరి నవ్వు కూడా పెట్టిన, పేరు లేకుండా కాదు, నా పేరుతోనే. ఆత్మవిమర్శ లేని విమర్శ నాకు చేతకాదు.

ఇప్పుడు నీతో తగాదా. "ఒక సీనియర్ విద్యార్థిని" అట. ఎవరామె? ఊరా, పేరా? రెడ్డిగారి అబ్బాయి రాయి విసిరితే చరిత్రలో పేరు, తాతపేరుతో సహా ఎక్కుతది. మీ పిల్లలు తరాలకు తరాలను నిలబెట్టినా "ఒకానొక విద్యార్థిని". వీళ్లకు పేర్లు లేకుండా చేసిందెవరో వాళ్ల పనిని నీ చేతనే చేయిస్తున్నరు స్నేహా, నీకు తెలుస్తలేదు. మనం పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడుడేంది? సిగ్గుపడాల్సింది వాళ్లు.

అందుకే పూర్తిగా రాసిన. కాలేజీ హాజరుపట్టీలో నీ పేరు కట్టమ్మ. కట్టమైసమ్మ పేరు మీద మీ నాయనమ్మ పెట్టుకున్నది. మీ గుడిసెల్లోకి చర్చి వచ్చినంక, సహవాసంలో స్నేహలత. "కట్టమ్మ అనే స్నేహలత, సహవాసం కార్యదర్శి, ఇప్పుడు ములుగు దగ్గర ప్రధానోపాధ్యాయిని" అన్న వాక్యంతోనే వ్యాసం మొదలైతది. రెండు పేర్ల మధ్య నడిచిన దూరమే కదా అసలు చరిత్ర. మా సంపాదకుడు ఈ వాక్యం చదివి లేచి నిలబడ్డడు.

సెప్టెంబరు సంచిక ప్రెస్సుకు పోతాంది. అభ్యంతరం ఉంటే వెంటనే రాయి. జవాబు రాకుంటే ఒప్పుకున్నవనుకుంటా.

రాజం

*

ములుగు,
అక్టోబరు.

శ్రీ వెంకట్రాజం గారికి,

నమస్కారం. మీ ఉత్తరానికి జవాబు రాయనందుకు మన్నించండి. వాగులు పొంగి మాకు రోడ్డు తెగింది, చాలా రోజులు బస్సు రాలేదు, పోస్టు రాలేదు. ఉత్తరం, అచ్చయిన పత్రిక ఒక్కనాడే అందినవి.

పత్రిక మా బడికి కూడా వచ్చింది. సోషల్ చెప్పే శేఖర్ సార్ తెప్పించారు. ఆయన నా తర్వాత సీనియారిటీలో ఉన్నారు. మీ వ్యాసం జిరాక్సు తీసి, మొదటి వాక్యం కింద గీత గీసి, నా కుల ధ్రువీకరణ మీద ఫిర్యాదు పెట్టారు. నాకు నోటీసు వచ్చింది. కట్టమ్మ పేరు మీద ఎస్సీ సర్టిఫికెట్ తీసుకొని ఉద్యోగంలో చేరిన మీరు, విద్యార్థి దశ నుంచే క్రైస్తవ సంఘం కార్యదర్శి అయిన స్నేహలత ఒక్కరేనా, వివరణ ఇవ్వగలరు, అని.

చట్టం మీకు నాకంటే బాగా తెలుసు. ఎస్సీలు క్రైస్తవులైతే ఆ సర్టిఫికెట్ చెల్లదు, బీసీ-సి కిందికి పోవాలి. ఊళ్లో మా వాడ వాడే, మా బావి బావే, కాయితంలో మాత్రం మారిపోతం. ఉద్యోగం పోవచ్చు. యమున చదువుతున్న సీటు అదే సర్టిఫికెట్ మీద వచ్చింది.

మీరు రాసిన దాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు వివరణ దొరుకుతలేదు.

యమున "అంకుల్‌కు ఫోన్ చేసి మాట్లాడనా" అన్నది. వద్దన్నాను.

ఇట్లు,
కట్టమ్మ
(నోటీసులో ఉన్నట్టుగా)

*

హనుమకొండ,
అక్టోబరు, ఆ వారమే.

స్నేహా,

తప్పయింది. మిగతాది చెప్పనీ.

ఈ దేశంలో కులం పుట్టుకతో వస్తదట, మతం మారితే పోతదట. ఎటు పోతది? మీ వాడ నుంచి ఎవడన్న సామాను సర్దుకొని పోయిండా? 1950లో ఒక ఉత్తర్వు. హిందువు కానోడు షెడ్యూల్డు కులం కాదు. తర్వాత సిక్కులను కలిపిండ్రు, ఆ తర్వాత బౌద్ధులను కలిపిండ్రు. క్రైస్తవులు, ముస్లింలు మాత్రం బయటనే. ఎందుకంటే వాళ్ల మతంలో కులం లేదట. లేదని చెప్పిన పెద్దమనుషులు ఒక్కనాడు మీ చర్చి శ్మశానం ఎక్కడుందో, పైకులం క్రైస్తవుల శ్మశానం ఎక్కడుందో చూసిండ్రా? ఇది చట్టం కాదు, జుల్మానా. దళితుడు దేవుణ్ణి ఎంచుకున్నందుకు వేసే జుల్మానా.

ఇక శేఖర్. పిల్లలకు రాజ్యాంగం పాఠం చెప్పే నోటితో ఇంత పని చేసిండా. వాడి పేరు రాయకుండా వదిలిపెట్టను.

నేను ఊరుకోను. ప్లాన్ చెప్తా విను. వచ్చే సంచిక మొత్తం "కట్టమ్మ కేసు" మీదనే. నీ ఫోటో కావాలె, బడి ముందర నిలబడి. హైకోర్టు వకీళ్లు ఇద్దరితో మాట్లాడిన, ఇట్లాంటి కేసు కోసమే ఎదురుచూస్తున్నమన్నరు. అన్ని సంఘాలు కలిసి కలెక్టరేట్‌కు పోతం. నువ్వు విచారణలో నిలబడి "అవును, నేను క్రైస్తవురాలిని, అవును, నేను మాదిగను" అని గట్టిగా అను. ఆ ఒక్క మాట దేశమంతా వినపడేటట్టు చేసే పూచీ నాది. పోరాటంలో ఎవరో ఒకరు ముందు నిలబడాలె కదా.

ఫోటో తొందరగా పంపు.

రాజం

*

ములుగు,
నవంబరు.

రాజమన్నా,

"మీరు" అని రాస్తే కోపం తీరుతదనుకున్న, తీరలే. అందుకే మళ్ల నువ్వు అంటాన్న.

నీ ఉత్తరంల "తప్పయింది" అన్న మాట ఒక్కటి ఉన్నది. మిగతాదంత ప్లాను. ఇట్లాంటి కేసు కోసం వకీళ్లు ఎదురుచూస్తాండ్రా? వాళ్లకు చెప్పు, నేను కేసును కాదు. తెల్లారితే బడికి పోవాలె, పదో తరగతోళ్లకు స్లిప్ టెస్టు పెట్టాలె. ముందు ఎవరో ఒకరు నిలబడాలన్నవ్. ఎప్పుడూ ఆ ఎవరో మేమే ఎందుకైతం? నీది బీసీ సర్టిఫికెట్. నువ్వు దేవుడు లేడని ఊరూరా తిరిగి చెప్పినవ్, అయినా నీ సర్టిఫికెట్ మీద ఎవడన్న నిన్ను దేవుడి గురించి అడిగిండా?

రిజిస్టర్ లేదని నువ్వు నిర్లక్ష్యం అన్నవ్. ఉత్తరంలనే కాదు, వ్యాసంల గూడ అచ్చేసినవ్. ఎందుకు లేదని ఒక్కసారి అడిగితే చెప్పేదాన్ని. సుగుణక్క మొదటి ఏడే చెప్పింది. "పేర్లు కాయితం మీద పెట్టకుండ్రి పిల్లలూ. మీల సగం మందికి స్కాలర్‌షిప్ ఏ సర్టిఫికెట్ మీద వస్తాందో యాది పెట్టుకోండ్రి." ఫోటో గూడ అందుకే దిగలే. కొత్తగ వచ్చినోళ్ల పేర్లు నోటికి నేర్చుకునేది. ప్రార్థనల వరసగ అందరి పేర్లు చెప్పుకునేది, పాసయి పోయినోళ్లయి గూడ. నా ముందటి వాళ్ల పేర్లు నాకు ఇప్పటికీ వస్తయి, ఎనకకు గూడ చెప్పగలుగుత. ఇది నిర్లక్ష్యమా? మా అంత పట్టింపుగ మీ యూనియన్ల ఎవ్వరన్న ఎవరినన్న కాపాడుకున్నరా, చెప్పు.

ఇంకొక పద్ధతి గూడ ఉండేది. ఎవరి గురించన్న పైకి ప్రార్థన చెయ్యాలంటే, ముందుగాల వాళ్ల పక్కకు పోయి కూర్చొని అడగాలె. "నీ గురించి ఏం అడగమంటవ్? ఏది అడగొద్దంటవ్?" అని. దేవునికి ఎట్లాగూ తెలుసు, పక్కనోళ్లకు తెలువాల్నా లేదా అన్నది ఆమె ఇష్టం. ఒక పిల్ల "నా గురించి ఏం అడగకుండ్రి, ఊకె పేరు చెప్పుండ్రి" అన్నది. మూడేండ్లు ఊకె పేరే చెప్పినం. ఆమెకేం కష్టం ఉండెనో ఇప్పటికీ నాకు తెలువది.

పేరు రాయకు అని నేను నీకు రాసిన. నువ్వు దాన్ని సిగ్గు అనుకున్నవ్. నాకు బుద్ధి చెప్పినవ్. వాగు దాటి నా జవాబు రాకముందే ఒప్పుకున్ననని రాసుకున్నవ్.

ఇప్పుడు విచారణ ఉన్నది. రెండు జవాబులున్నయి. నేను హిందువునే, ఊకె పాటలకు పోయిన అంటే నౌకరి నిలుస్తది, యమున సీటు నిలుస్తది. క్రైస్తవురాలిని అంటే రెండూ పోతయి. మా పాస్టరమ్మ మొదటిదే చెప్పుమన్నది, దేవునికి కాయితాల ఫికర్ లేదన్నది. యమున గూడ అదే అంటాంది. వాళ్లు చెప్పేది తప్పని నేననను. మా వాడల సగం మంది అట్లనే బతుకుతాండ్రు, వాళ్లకు వంక పెట్టేటోళ్లెవరు? కానీ ఆ మాట అద్దం ముందర నిలబడి అని చూసిన. నోట్లకు రాలే.

నేను ఆలోచించుకుంటాన్న. నువ్వు ఏం చెయ్యకు. ఏం రాయకు.

స్నేహ

*

హనుమకొండ,
డిసెంబరు.

స్నేహా,

నీ ఉత్తరం చదివినంక చాలా రోజులు ఎవరితో మాట్లాడలేదు. మా ఆవిడ దవాఖానకు తీసుకుపోతనన్నది. నేను మాట్లాడకుంటే ఆమెకు అదొక రోగంలెక్క కనపడ్డది.

నువ్వు అన్నది ప్రతి మాటా నిజం. వాదించను. మా సిద్ధాంతంలో ఎక్కడో ఒక రంధ్రం ఉండి అందులో నుంచి మనుషులు జారిపోతున్నరు, నేను చూసుకోలేదు. చూసుకోలేదు అనడం కూడా సగం అబద్ధమే. పేరు వద్దని నువ్వు రాసిన రోజే నాకు ఎందుకో తట్టింది. నిజంగా తట్టింది. కానీ ఆ మొదటి వాక్యం చాలా బాగా వచ్చింది స్నేహా. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు.

ఏం చెయ్యకు అన్నవు. ఊరుకోలేకపోయిన. నేను చేసింది నేనే తుడవాలె కదా. నేను రెండు పనులు చేసిన. జనవరి సంచికలో సవరణ ఇస్తున్న, ఆ వ్యాసంలో వ్యక్తుల వివరాలు కల్పితం అని. రెండోది, నీ విచారణ కమిటీకి నోటరీ చేయించి అఫిడవిట్ పంపిన. ఏం రాసిన్నో ఆ వివరాలన్నీ ఎందుకు, నీకు పనికొచ్చేటట్టు రాసిన. కట్టమ్మ వేరు, మతం వేరు అని తేలేటట్టు.

రాసింది అబద్ధం అని ఎన్నడూ ఒప్పుకోనోణ్ని నేను. లాకప్పులో కొడితే కూడా ఒప్పుకోలేదు. ఇప్పుడు నా అంతట నేనే సంతకం పెట్టిన. మా సంపాదకుడు మొహం చూస్తలేడు. పుస్తకం ఆగిపోయింది. పిరికోడు అంటున్నరు, అననీ. నీ నౌకరి కంటే నా రాత పరువు ఎక్కువ కాదు. ఈ ఒక్క పనన్నా నీ కోసం చేసినననే తృప్తితో ఈ పూట అన్నం తిన్న.

విచారణ అయినంక రాయి.

రాజం

*

ములుగు,
జనవరి.

రాజమన్నా,

విచారణ అయింది.

ఒక పెద్ద బల్ల, అవతల ముగ్గురు. శేఖర్ సార్ ఒక పక్కకు, నేను ఒక పక్కకు. నేనింక నోరు తెరవకముందే పెద్దసార్ నీ అఫిడవిట్ తీసి, "మీ తరఫున ఒకాయన రాసిండమ్మా, చదువుత వినుండ్రి" అన్నడు. చదివిండు.

"పేద దళిత విద్యార్థినులు ఆదివారం నాడు పెట్టే ఉప్మా, బిస్కెట్ల కోసం ఆ గదికి వెళ్లేవారే తప్ప, మత విశ్వాసంతో కాదు. కట్టమ్మ కూడా అట్లే వెళ్లింది."

రాసుకునే క్లర్కు నవ్విండు. పెద్దసార్ నవ్వాపుకుంట, "ఉప్మాకేనా అమ్మా" అన్నడు. శేఖర్ సార్ ఒక్కడే నవ్వలే, తల దించుకున్నడు. నా మీద ఫిర్యాదు పెట్టినాయనకు సిగ్గయింది రాజమన్నా, నీ రాతకు.

నిజం చెప్త. ఆ పొద్దు పొయ్యేటప్పుడు నేను మొదటి జవాబే చెప్పాలనుకొని పోయిన. హిందువునే సార్, పాటలకు పోయిన అని. యమున కోసం. ఆటోల కూర్చొని దార్లంట మనసుల అనుకుంట పోయిన, ఈసారి నోట్లకు వస్తాంది. నీ కాయితం చదివినంక రాలే. సుగుణక్క కనపడ్డది. ఊకె పేరు చెప్పుండ్రి అన్న పిల్ల కనపడ్డది. వాళ్లందరినీ ఉప్మా పళ్లెం ముందర కూర్చోబెట్టినవ్ గదా, నేను గూడ అవునంటే ఇగ వాళ్లకు దిక్కెవరు?

లేచి నిలబడ్డ. "సార్, ఆ రాసినాయన అబద్ధం రాసిండు. మాకు ఆ గదిల ఎన్నడూ ఉప్మా పెట్టలే. చాయ్ గూడ లేదు, నల్లా నీళ్లే. నేను ప్రార్థన చేస్త. పొద్దుగాల చేస్త, పండేటప్పుడు చేస్త. మా వాడల పుట్టిన, అక్కడనే ఉంటాన్న, ఇప్పటికీ ఊర్ల కొందరు నాకు నీళ్లు పైనుంచే పోస్తరు. ఈ రెండిట్ల మీరు దేనికి నాకు ఆ సర్టిఫికెట్ ఇచ్చిండ్రో మీరే రాసుకోండ్రి" అన్న.

ఇగ క్లర్కు నవ్వలే. రాసుకున్నడు. నేను చదువుకొని సంతకం పెట్టిన, రెండు పేర్లతో.

సర్టిఫికెట్ రద్దుకు సిఫారసు చేసిండ్రట. హెడ్మాస్టర్ చార్జి తీసిండ్రు, శేఖర్ సార్‌కే ఇచ్చిండ్రు. ఆయన తాళాలు తీసుకొని జేబుల ఏసుకోక బల్ల మీదనే పెట్టిండు. ఉత్తర్వు వచ్చేదాక ఇంగ్లీషు చెప్పుకోమన్నరు. అప్పీలు చేస్త. వరంగల్‌ల ఒక వకీలును చూసుకున్న, నీకు తెలిసినాయన కాదు.

యమున "అట్లెందుకన్నవమ్మా, నా చదువు యాదికి రాలేదా" అని నాతోని మాట్లాడుడు బంద్ చేసింది. పిల్ల అడిగిన దాంట్ల తప్పు లేదు. మొన్న ఆదివారం అన్నం ముందర తనే ప్రార్థన చేసింది, పక్కింటికి వినపడేటట్టు. నాతోని మాత్రం ఇంక సరిగ మాట్లాడుతలేదు.

నువ్వు నా గురించి రెండుసార్లు రాసినవ్. ఒకసారి నిజం, ఒకసారి అబద్ధం. రెండుసార్లూ నా బాగు కోసమే అన్నవ్. రెండుసార్లూ నన్ను పక్కకు నూకి, నా కుర్చీల నువ్వే కూర్చున్నవ్.

నీ మీద కోపం లేదని రాయాలని చూసిన. ఉన్నది. తీసెయ్యమని అడుగుతాన్న, ఇంక పోలే.

స్నేహలత

*

హనుమకొండ,
ఫిబ్రవరి.

స్నేహా,

ఇది జవాబు కాదు. నువ్వు జవాబు రాయాల్సిన పని కూడా లేదు. చదివి చింపెయ్.

ఆ ఉప్మా మాట అఫిడవిట్‌లోకి ఎట్ల వచ్చిందని నన్ను నేను చాలాసార్లు అడిగిన. వకీలు చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. నిన్ను కాపాడేటందుకు ఏదన్న కారణం చూపాలె కదా అని కూర్చుంటే, చెయ్యి దానంతటదే ఆ మాట రాసింది. వెతుక్కోలేదు. అంటే ఇన్నేండ్లూ అది నాలోనే ఉన్నది. అప్పుడు కిటికీ దగ్గర నోరు మూసుకొని నవ్వినోడు, ఇప్పుడు నోటరీ చేయించి అన్నడు. అంతే తేడా.

నిన్న హసన్‌పర్తిలో మా లెక్చరరు కొడుకు పెండ్లికి పోయిన. బువ్వ తిన్నంక చెరువు గట్టు మీదికి నడిచిన. అక్కడ కొందరు పిల్లలు గుండ్రంగా కూర్చొని మెల్లగా పాడుకుంటున్నరు. చప్పట్లు కూడా వేళ్లతోనే. మెడలో మన కాలేజీ ఐడీ కార్డులు, తిప్పి పెట్టుకున్నరు, పేర్లు కనపడకుండా. నాకు అర్థమైంది. నా వ్యాసం వచ్చినంక కాలేజీలో ఎవరో గొడవ చేస్తే ల్యాబు వెనక గది ఇచ్చుడు బంద్ చేసిండ్రని విన్న. విని, నీకు రాయలేదు.

నన్ను చూసి పాట ఆపిండ్రు. ఒక అమ్మాయి లేచి వచ్చింది, బక్కపల్చని పిల్ల.

"సార్, మీరు పత్రికల రాసే వెంకట్రాజం సారా?"

"కాదమ్మా" అన్న.

వెనక నుంచి ఒకడు, "కాదు తియ్ అక్కా, ఆయన ఫోటోల ఇంక జర లావుంటడు" అన్నడు. అందరూ నవ్విండ్రు. ఆ అమ్మాయి కూడా నవ్వి, "ఏమనుకోకండి సార్, ఈ మధ్య జర భయం. కూర్చుంటరా?" అని పక్కకు జరిగి చోటిచ్చింది.

కూర్చున్న స్నేహా. లేచి పోవచ్చు, పోలేదు.

పాట అయిపోయినంక వరసగా ఒక్కొక్కరి పేరు చెప్పి ప్రార్థన మొదలుపెట్టిండ్రు. ఆ అమ్మాయి నా వైపు వంగి, "మిమ్మల్ని గూడ చేరుస్తం, మీ పేరేంది సార్" అన్నది.

రామలింగం, అని చెప్పిన.

వాళ్లు రామలింగం కోసం ప్రార్థన చేసిండ్రు. ఆయనకు ఆరోగ్యం ఇయ్యమన్నరు, ఆయన ఇంట్లో శాంతి ఇయ్యమన్నరు, ఆయన చేతుల పనిని దీవించమన్నరు. అందరూ కండ్లు మూసుకున్నరు. నేను ఒక్కణ్నే తెరిచి పెట్టుకొని, వాళ్లలో ఎవరన్నా నా దిక్కు చూస్తరేమోనని చివరిదాకా భయపడుకుంట కూర్చున్న.

వెంకట్రాజం